గంగాకిషన్ అయిదు నిమిషాలు

"నా ఎడ్లు బజార్ల ఉన్నయి కాంపౌండర్ సాబ్! నీ అయిదు నిమిషాలు అయ్యేదాక అవి ఊకుంటయా?"

"ఎడ్లు ఊకుంటయి పటేల్ సాబ్. ఊకుండనిది మీరే. మల్ల మొదటి సంది."

"ఇప్పటికి ఎంతయింది?"

"నాలుగు నిమిషాల ముప్పై సెకండ్లు అయ్యుండె. మీరు ఎడ్ల ముచ్చట తీసిండ్రు, పాయె. మల్ల మొదటి సంది."

"ఇంకో ముప్పై సెకండ్లకు గింత పంచాదా?"

"ఇగో, గిది ఇంకోపారి. మల్ల మొదటి సంది."

"నేను నందిపేట్ మాలిపటేల్‌ను! మా ఊర్ల నేను మాట్లాడుతుంటే ఒక్కడు నోరు తెరువడు!"

"గట్లనా? గా ఊరోళ్ల బీపీలు మస్తు కరెక్టుగ అస్తయి. వాళ్లను తోలియ్యుండ్రి."

తల్లి చెయ్యి పట్టుకుని గడప బయట నిలబడ్డ సాయన్న ఇదంతా విన్నాడు. లోపల లచ్చన్న పటేల్ తన తొడను తానే ఠపీమని చరుచుకున్న చప్పుడు కూడా విన్నాడు. దాని వెంటనే, ఏమాత్రం కోపం లేని, పసిపిల్లాడికి నచ్చజెబుతున్నట్టున్న గొంతు మళ్లీ వినబడింది. "తొడ గుద్దుకున్నా లెక్కనే పటేల్ సాబ్. మల్ల మొదటి సంది."

గంగాకిషన్ కాంపౌండర్ లోకంలో దేన్నైనా నమ్ముతాడు గాని, ఒక్కసారి చూసిన బీపీని నమ్మడు. అదీ ఆయన జబ్బు. ఆర్మూర్‌లో దానికి మందు లేదు.

సర్కారు దవాఖానాల్లో ముప్ఫై ఏళ్లు సీసాల్లో ఎర్రమందు కలిపి రిటైరయ్యాడు. రిటైరైన మనిషి శాలువా కప్పుకుని ఇంటికి వెళ్తాడు. ఈయన సికింద్రాబాద్ వెళ్లి, మిలిట్రీ సామాన్ల వేలంలో బీపీ మిషన్ ఒకటి కొనుక్కొచ్చాడు. చెక్కపెట్టె, మూత ఎత్తితే లోపలినుంచి గాజు గొట్టం లేచి నిలబడుతుంది, గొట్టం అడుగున పాదరసం. భార్య కమలవ్వ దాన్ని చూసి, "బంగారం తెస్తవనుకుంటే పాదరసం తెచ్చినవా?" అని నెత్తి కొట్టుకుంది. "బంగారం పెట్టిన కాడనే పడుంటది. దీన్ని సూడు, ఎక్కుతది, దిగుతది, మనిషి లోపటి ముచ్చట చెప్తది" అన్నాడట ఈయన.

మందులివ్వడు. ఫీజు తీసుకోడు. "నేను డాక్టర్ను కాను. లెక్క చెప్త, చిట్టీ రాస్త. అది పట్టుకపోయి డాక్టరుకు చూపెట్టుకోండ్రి" అంటాడు. అరవై దాటని మనిషైతే గడప ఎక్కనివ్వడు. "పడుసోళ్ల బీపీల ఏమున్నది, పొద్దుగాల ఏమున్నదో మాపటికి గదే. ముసలోళ్లదే మజా. కూసుంటే ఒకటి, లేస్తే ఒకటి, చుట్ట తాగితే ఒకటి, కోడలు కనవడితే ఒకటి! ఏది అసలుదో పట్టుకోవాలె గదా?"

ఆ అసలుదాన్ని పట్టుకోవడానికి ఆయన చేసే తతంగం చూస్తే పెళ్లి తంతు నయమనిపిస్తుంది. మొదట ఒంటికి పోయి రావాలి. సిగ్గుపడే ముసలవ్వల కోసం పెరట్లో తడికెలు కట్టించాడు. తర్వాత వీపు ఆనేలా కుర్చీలో కూర్చోవాలి. కాళ్లు నేలకు అందని పొట్టివాళ్ల కింద పీట. కాలు మీద కాలు వేసుకోకూడదు. చెయ్యి గుండె ఎత్తున ఆనాలి. అందుకు సగం నింపిన పసుపు బస్తా ఒకటి కుర్చీ పక్కన పెట్టాడు. మనిషి పొట్టైతే బస్తాను చరిచి కూలుస్తాడు, పొడుగైతే లేపి నిలబెడతాడు. దాంతో ఆయన దగ్గరికి వెళ్లినవాళ్లందరికీ మోచేతికి పసుపు అంటేది. బజారులో ఎవరి మోచెయ్యి పచ్చగా కనబడినా "ఏం కాకా, ఎంతుంది?" అని అడిగేవాళ్లు.

ఆ తర్వాత అయిదు నిమిషాలు. నోరు మెదపకూడదు. మెదిపితే మల్ల మొదటి సంది. అయిదు నిమిషాలు నెగ్గుకొస్తే అప్పుడు పట్టీ కట్టి మూడుసార్లు చూస్తాడు. మొదటిది కొట్టేస్తాడు. "మొదటిది భయం. మనిషి అటెన్క అస్తడు." ఒక చెయ్యి అయ్యాక రెండో చెయ్యి. అదయ్యాక నిలబెట్టి, మూడు నిమిషాలాగి మళ్లీ. లచ్చన్న పటేల్‌కు ఆ రోజు తన అయిదు నిమిషాలు పూర్తి చేయడానికి రెండుంపావు గంటలు పట్టింది. అది ఇప్పటికీ రికార్డే.

చిట్టీలు ఇంకా తమాషా. అంకాపూర్ చిన్నయ్యకు రాసిన చిట్టీ మండిలో చేతులు మారింది: "వయసు 71. ఒంటరిగా ఉన్నప్పుడు 146. కోడలు గడపలో నిలబడినప్పుడు 168. కోడలు చాయ్ ఇచ్చినప్పుడు 150. కోడలికి వైద్యం అవసరం లేదు. చాయ్ కొనసాగించవలెను."

ఒకసారి పెట్టె చంకన పెట్టుకుని నేరుగా పసుపు మండికే వచ్చాడు. రాశి మీద వేలంపాట నడుస్తుంటే రైతు బీపీ ఎట్లుంటదో చూడాలట. ఒక ముసలి రైతు చేతికి పట్టీ కట్టి బస్తా మీద కూర్చోబెట్టాడు. పాట ఎక్కుతుంటే పాదరసం ఎక్కింది. పాట ఆగింది గాని పాదరసం ఆగలేదు. "ఆగుండ్రి, ఆగుండ్రి! గీయన దిగేదాక ఇంకో రాశి పాడకుండ్రి!" అని ఈయన చేతులు అడ్డం పెట్టి అరిస్తే ఖరీదుదార్లు తరిమికొట్టినంత పని చేశారు. ఆ రోజు కాంటా పక్కన నిలబడి అందరికంటే గట్టిగా నవ్వినవాడు సాయన్న.

అలాంటి సాయన్న, తల్లి చెయ్యి పట్టుకుని, అదే పిచ్చాయన గడప ముందు నిలబడ్డాడంటే దానికి కారణం ఉంది.

సాయన్నకు ఇరవై ఏడు. నిజామాబాద్ కాలేజీలో ఏడాది చదివి, గంటల తరబడి బెంచీ మీద కూర్చోవడం తన వల్ల కాదని వచ్చేశాడు. మండిలో కాంటా వేసే పనిలో చేరాడు; అందులో కూర్చునే పని లేదు. అరవై నాలుగో సంవత్సరం అది. కిలోలు వచ్చి రెండేళ్లయినా ముసలి రైతులు ఇంకా మణుగుల్లోనే అడిగేవాళ్లు, సాయన్న వాళ్లకు అరిచి లెక్క చెప్పేవాడు. అరవకుండా మాట్లాడటం అతనికి ఎవరూ నేర్పలేదు. మనసులో మాట నాలుక మీదికి రావడానికి అతనికి క్షణం పట్టదు.

తల్లి భూమవ్వకు రెండు కళ్లలోనూ పొర కమ్మి మూడేళ్లయింది. వెలుగూ నీడా తెలుస్తాయి, మొహాలు తెలియవు. ఊళ్లో బడిలో కంటి క్యాంపు పెట్టారు, పొర తీస్తారట అంటే తీసుకెళ్లాడు. అక్కడ ఒక కుర్ర డాక్టరు ముందు బీపీ చూశాడు. "రెండు వందల పది. నూట అరవై దాటితే కత్తి పెట్టం" అని ఆమె పేరు మీద అడ్డగీత కొట్టాడు. ఏవో గోలీలు రాసిచ్చాడు. పన్నెండు రోజుల్లో క్యాంపు ఎత్తేస్తారు. మళ్లీ ఎప్పుడు పెడతారో చెప్పేవాడు లేడు. గోలీలు మొదలుపెట్టిన మూడో రోజు భూమవ్వ మంచం మీంచి లేచి, గోడ పట్టుకోబోయి, గోడ లేనిచోట పట్టుకుంది. నుదుటి మీద నిమ్మకాయంత బొప్పి.

పడినందుకు ఆమెకు బాధ లేదు. పేరు కొట్టేసినందుకు బాధ. "మూడేండ్ల సంది కోడల్ని తిడుతున్న. దాని మొఖమెట్లుంటదో ఎర్కలేదు. మొఖం తెల్వని మనిషిని ఎంత తిట్టినా తిట్టినట్టుండదు" అనేది. కోడలు గంగామణి కాపురానికి వచ్చేనాటికే అత్త చూపు పోయింది.

లచ్చన్న పటేల్ పచ్చటి మోచేతితో, ఎవరితోనూ మాట్లాడకుండా, ఎడ్ల కోసం పరుగెత్తాక వీళ్ల వంతు వచ్చింది.

గంగాకిషన్ బనీను మీద, పంచెతో ఉన్నాడు. తెల్లచొక్కా చూస్తే ముసలివాళ్లకు డాక్టరు గుర్తొచ్చి పదిహేను పెరుగుతుందని చొక్కా మానేశాడు. భూమవ్వను పెరట్లోకి పంపి, తీసుకొచ్చి, కూర్చోబెట్టి, కాళ్ల కింద పీట వేసి, సాయన్నను అడిగాడు. "క్యాంపుల పట్టీ ఏడ కట్టిండ్రు?"

"చేతికి. ఇంకేడ కడ్తరు?"

"చేతిల ఏడ?"

భూమవ్వ రెండు చేతుల దండల మీదా వెండి దండకడియాలు. పెళ్లినాడు ఎక్కించినవి. అప్పుడు సన్నగా ఉన్న చెయ్యి ఆ తర్వాత ఒళ్లు చేసింది. కడియాలు అక్కడే పాతుకుపోయాయి. సాయన్న వేలు పెట్టి చూపించాడు. "గీ కడియం మీదికెళ్లి."

గంగాకిషన్ కళ్లు పెద్దవయ్యాయి. "గట్లయితే రెండు వందల పది మీ అవ్వది కాదు, కడియందే. ఇంకా? రవిక?"

"కొత్తది. జర బిగుతు." సాయన్న కొంచెం తగ్గాడు. "పట్నం డాక్టర్లు అస్తరు, గరీబోళ్లమనుకుంటరని నేనే కొత్త రవిక తొడుగుమన్న. ఉన్న వెండంత పెట్టుకొమ్మన్న."

"మస్తు! ఎంతసేపు నిలవడ్డరు లైన్ల?"

"నాలుగు గంటలు."

"మస్తు! భూమక్కా, ఒంటికి పోయినవా ఆ నడుమ?"

"థూ, గంత మంది మొగోళ్ల నడుమ ఏడికి పోత! తెల్లారంగ పోయింది, మల్ల ఇంటికచ్చినంకనే."

"మస్తు, మస్తు!" గంగాకిషన్ మొహం విందు భోజనం వడ్డించినట్టు వెలిగిపోయింది. వేళ్లు మడుస్తున్నాడు. "కడియం, రవిక, నాలుగు గంటలు, గదొకటి. నువ్వేం చేస్తున్నవు సాయన్నా, గప్పుడు?"

"లైన్ల ముందుకెళ్లి దూరినోనితోని లొల్లి పెట్టుకున్న. అవ్వ పక్కనుండే."

"గిన్ని కలిసినా రెండు వందల పదేనా? మీ అవ్వ గట్టి మనిషి!"

అయితే కడియం తీయాలి. భూమవ్వ రెండు చేతులూ గుండెకు హత్తుకుంది. "నేను పోయినంకనే దిగుతయవి. మా అత్త ఎక్కిచ్చింది."

"గవి ఉంటే పట్టీ సక్కగ కూసోదు అక్కా. లెక్క తప్పుతది. తప్పుడు లెక్క రాయ."

వాళ్ల వెంట వచ్చి గుమ్మం దగ్గరే నిలబడ్డ గంగామణి మెల్లగా అంది. "అత్తా, సబ్బు పెడితే అస్తది. నేను మెల్లగ తీస్త."

భూమవ్వ ఆ గొంతు వచ్చిన వైపు తిరిగింది. "దీని మొఖం కావాల్నంటే మా అత్త కడియం ఇడువాలె, గంతేనా?"

"గంతే."

"తియ్యుండ్రి. మా అత్త మొఖం మస్తు చూసిన."

సబ్బుకు రాలేదు. కమలవ్వ ఆముదం తెచ్చింది, దారం చుట్టింది, గంగామణి ఇంచీ ఇంచీ లాగింది. గంట పట్టింది. కడియం దిగినచోట చర్మం పసిపిల్ల చర్మంలా తెల్లగా మెరిసింది. భూమవ్వ దాన్ని వేలితో తడుముకుని, "గీ చెయ్యి నాదేనా?" అంది.

ఆ తర్వాత అయిదు నిమిషాలు. భూమవ్వ బొమ్మలా కూర్చుంది. ఆమెకు ఇబ్బంది లేదు. ఇబ్బందంతా సాయన్నకు. ఒక నిమిషానికి దగ్గాడు. మల్ల మొదటి సంది. రెండు నిమిషాలకు, "గడియారం నడుస్తున్నదా?" అన్నాడు. మల్ల మొదటి సంది. మూడోసారి నాలుగు నిమిషాల దాకా పళ్ల బిగువున ఉండి, "కాకా, ఒక బస్తా తూకం ఒక్కపారే వేస్తం మేము, గిదేంది!" అని పేలాడు.

గంగాకిషన్ గడియారం మీంచి కన్నెత్తాడు. "బస్తా మీద కోతి ఎక్కి దుంకుతుంటే తూస్తవా?"

"దాన్ని తోలినంక తూస్త."

"గదే చేస్తున్న. బయటికి పో."

పోయాడు. గడప అవతలే నిలబడ్డాడు. లోపల పిచికారి బుడ్డ బుస్‌బుస్‌మంది. నూట యాభై నాలుగు. మళ్లీ బుస్‌బుస్. నూట యాభై రెండు. మూడోసారి పాదరసం దిగుతుండగా సాయన్న ఆగలేక తల లోపలికి పెట్టి, "ఎంతుంది కాకా?" అని మండిలో అరిచినట్టు అరిచాడు.

గంగాకిషన్ చెవుల్లో గొట్టం పెట్టుకునే ఉన్నాడు. ఆయన తిట్టలేదు. "ఇంకోపారి అను" అన్నాడు.

"ఏంది?"

"ఏదో ఒకటి. ఎప్పుడన్నట్టే అను." మళ్లీ గాలి ఎక్కించాడు, వదిలాడు. నూట డెబ్భై. సాయన్నను నోరు మూయించి, కాసేపు ఆగి మళ్లీ చూశాడు. నూట యాభై రెండు. గంగాకిషన్ కొత్త చుక్కను కనిపెట్టినవాడిలా సాయన్నను చూశాడు. "నీ గొంతు పద్దెనిమిది."

సాయన్నకు నవ్వొచ్చింది, తర్వాత నవ్వు రాలేదు. తల్లి పక్కన ఇరవై ఏడేళ్లుగా అరుస్తున్నాడు మరి. సాయంత్రానికల్లా మండిలో అతని పేరు పద్దెనిమిది సాయన్న.

నిలబెట్టి చూస్తే ఇంకో సంగతి తేలింది. కూర్చున్నప్పుడు నూట యాభై రెండు, నిలబడ్డాక నూట పదహారు. భూమవ్వ తూలి గంగామణి భుజం పట్టుకుంది. గంగాకిషన్ మొహంలో విందు మాయమైంది. "గోలీ వేసుకున్నంక లేస్తే నెత్తురు కిందికి జారుతున్నది. గందుకే పడ్డది. నేను గోలీ ఆపుమని చెప్పరాదు, డాక్టర్ను కాను. ఇప్పుడే పో. గీ చిట్టీ చూపియ్యి."

క్యాంపులో కుర్ర డాక్టరు చిట్టీ చదువుతూ, "కొడుకు మాట్లాడినప్పుడు 170" అన్నచోట నవ్వాడు. "నిలబడినప్పుడు 116" అన్నచోట నవ్వాపి, మళ్లీ మొదటినుంచి చదివాడు. "ఎవరు చూశారిది?"

"ఒక పిచ్చోడు."

"పిచ్చోడేం కాదు. రోజుకు మూడు వందల మందిని చూస్తున్నానయ్యా, ఒక్కొక్కరిని ఇట్లా చూసే తీరిక నాకు లేదు. గోలీ ఇప్పుడు సగం చేయండి. ఆయన్ని వారం రోజులు రోజూ ఇలాగే చూసి రాయమనండి. నూట అరవై లోపు నిలిస్తే ఆఖరి రోజు జాబితాలో పేరెక్కిస్తాను. కానీ టేబుల్ ఎక్కే ముందు మేం ఒకసారి చూస్తాం. అప్పుడు దాటితే నేనేమీ చేయలేను."

ఆ వారం రోజులూ పొద్దున ఎనిమిదింటికి భూమవ్వ కుర్చీలో, సాయన్న ఎదురుగా ఉన్న కిరాణా దుకాణం అరుగు మీద. దగ్గరికి వస్తే పద్దెనిమిది కాబట్టి అంత దూరం. కాలేజీకి వెళ్లినందుకు గుర్తుగా మిగిలిన చేతి గడియారం అతని దగ్గరుంది. పని లేని మనిషి గడియారం చూస్తాడు గదా, చూశాడు. మొదటి రోజు పన్నెండు నిమిషాలకు తల్లి బయటికి వచ్చింది. రెండో రోజు ఇరవై. నాలుగో రోజు ముప్ఫై అయిదు. ఎవరూ మాట్లాడిన అలికిడి లేదు, మల్ల మొదటి సంది అన్న మాట వినబడలేదు.

అరుగు మీద కూర్చున్నవాడికి ఇంకొన్ని కూడా కనబడ్డాయి. బీడీలు చేసే భాగ్యవ్వ రోజు విడిచి రోజు వచ్చేది. ఆమెను ఆపి చిట్టీలు చూశాడు. 138, 136, 138. "మంచిగనే ఉన్నది గదనే అవ్వా, గిన్నిసార్లు ఎందుకు చూపిచ్చుకుంటవు?" భాగ్యవ్వ ఆవలించి, "చూపిచ్చుకుంటే మంచిది గద బిడ్డా" అని వెళ్లిపోయింది. ఆమె లోపల ఉన్నది నలభై నిమిషాలు. అదే ఒక ఆసామి కారు దిగి వస్తే సరిగ్గా అయిదు నిమిషాలకు పట్టీ బుస్సుమంటుంది.

కాంటా వేసే మనిషికి ఇది నచ్చలేదు. ఒకరికి ఒక బాటు, ఇంకొకరికి ఇంకో బాటు పెట్టి తూస్తే మండిలో చెయ్యి విరుస్తారు. ఊళ్లో అందరికంటే సరిగ్గా తూస్తానని చెప్పుకునే మనిషి గడియారంలో మోసం చేస్తున్నాడని సాయన్నకు ఖాయమైంది. కానీ తల్లి పేరు ఇంకా జాబితాకు ఎక్కలేదు. వారం రోజులు నాలుక కరుచుకున్నాడు. అతని జీవితంలో అదీ ఒక రికార్డే.

ఏడు రోజుల చిట్టీలూ నూట అరవై లోపే. పేరెక్కింది. ఆపరేషన్ అయింది, ఎనిమిదో రోజున కట్టు విప్పారు, భూమవ్వ కోడలి గడ్డం పట్టుకుని ఇటు తిప్పి అటు తిప్పి చూసి, "గింత సక్కగున్నదాన్నా నేను గన్ని మాటలన్నది?" అంది. మరుక్షణమే, "దీపం బుడ్డికి గంత మసేంది, తుడువరాదా?" అని మొదలుపెట్టింది. ఇప్పుడు తప్పు కళ్లారా చూసి మరీ తిడుతుంది. గంగామణి ఆ మొదటి మాటనే పట్టుకుంది, రెండోది వినిపించుకోలేదు. కానీ సాయన్న ఎవరికైనా చెబితే కట్టు విప్పిన రోజు సంగతి చెప్పడు. ఆపరేషన్ రోజు పొద్దుటి సంగతి చెబుతాడు.

ఆ పొద్దున ఆఖరి చిట్టీ కోసం భూమవ్వ లోపలికి వెళ్లింది. నడవలేని ముసలివాళ్లను ఎక్కించుకోవడానికి క్యాంపు జీపు వీధులు తిరుగుతోంది. యాభై నిమిషాలైంది, ఆమె బయటికి రాలేదు. జీపు మలుపు తిరిగి హారన్ కొట్టింది. సాయన్న అరుగు మీంచి దూకాడు. ఇన్నాళ్లు దాచుకున్నదంతా ఇవాళ కక్కేద్దామని గడప దాటాడు.

భూమవ్వ కుర్చీలో నిద్రపోతోంది. తల పక్కకు వాలింది, నోరు కొంచెం తెరుచుకుంది. చెయ్యి పసుపు బస్తా మీద, చేతికి పట్టీ. మిషన్ మూత వేసే ఉంది. గంగాకిషన్ ఎదురుగా పీట మీద కూర్చుని ఆమె మొహం మీద ఈగలు వాలకుండా చిట్టీతో విసురుతున్నాడు. ఆ చిట్టీ మీద 148 అని ఉంది. పక్కన రాసిన టైము నలభై నిమిషాల కిందటిది.

సాయన్న పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి గుసగుసలాడాడు. "లెక్క ఎప్పుడో అయింది గదా కాకా?"

"అయింది."

"మరి పట్టీ ఎందుకు ఇప్పలే?"

"పట్టీ ఉన్నంతసేపు ఎవలూ పిలువరు."

సాయన్నకు వెంటనే అర్థం కాలేదు. "భాగ్యవ్వకు?"

"గామెకు నలభై నిమిషాలు. ఇంట్ల జరసేపు కూసుంటే ఒళ్లెకు బీడీల చాట అస్తది. చేతికి పట్టీ ఉంటే ఎవలు చాట పెడ్తరు?"

"నందిపేట్ పటేల్‌కు?"

"గాయనకు అయిదు నిమిషాలే. ఇంట్ల మస్తు కూసుంటడు."

"గిది మోసం కాకా."

"లెక్కల మోసం లేదు" అన్నాడు గంగాకిషన్, దొంగతనం పట్టుబడిన పిల్లాడి మొహంతో. "టైముల జర ఉన్నది." భూమవ్వ వైపు చూసి ఇంకా తగ్గించాడు గొంతు. "మూడు రాత్రుల సంది పండలేదట. కత్తంటే భయమట. నువ్వు క్యాంపు వద్దంటవని నీకు చెప్పలే, నవ్వుతదని కోడలికి చెప్పలే. ఆడ బల్ల ఎక్కేముందు మల్ల చూస్తరు. గీ నిద్ర పూర్తి చేసుకుని పోతే నూట యాభై దాటది. ఇప్పుడు ఉలిక్కిపడి లేస్తే నేను చెప్పలేను. పన్నెండిటిదాక అందర్ని వరండల కూసోబెడుతరు, నేను అడిగొచ్చిన. ఇంకో పావుగంట ఉంటే ఏం కాదు."

జీపు గుమ్మం ముందు ఆగింది. "భూమవ్వ ఎవలు? జల్ది రావాలె!" అని డ్రైవరు కేకేశాడు. భూమవ్వ కనురెప్పలు కదిలాయి.

గంగాకిషన్ చప్పున లేచి సాయన్న రెండు చేతులూ పట్టుకున్నాడు.

"సాయన్నా, నీకు దండం పెడ్త. నేను ఎవలనూ ఇప్పటిదాక గిట్ల అడుగలే. బయటికి పో. గా డ్రైవర్‌ను పట్టుకో. మాట్లాడు. పసుపు ముచ్చటో, కాలేజీ ముచ్చటో, నీకేది తోస్తే అది, పావుగంట నోరు మూయకుండ మాట్లాడు. కానీ జర గా సందు చివరికి తీస్కపోయి మాట్లాడు."